మా సంస్థ నాలుగో కేంద్రం ఎక్కడ పెట్టాలి? పాతబస్తీ వైపా, కొల్లూరు వైపా?

ప్రశ్న: నల్లకుంట నివాసి

నమస్కారం. నేను ఒక స్వచ్ఛంద సంస్థ కార్యవర్గ సభ్యురాలిని. మా సంస్థ స్త్రీలకు కుటుంబ సలహా, న్యాయ సహాయం, కుట్టు శిక్షణ అందిస్తూ, పనికి వెళ్లే తల్లుల పిల్లలను పగటిపూట చూసుకునే శిశు సంరక్షణ కేంద్రాన్ని కూడా నడుపుతోంది. మాకు విద్యానగర్, సీతాఫల్‌మండి, తార్నాకలలో మూడు కేంద్రాలున్నాయి. ఈమధ్య మా యువ కార్యకర్త ఒకరు వాటిని హైదరాబాద్ నగర పటం మీద గుర్తించి చూపినప్పుడు సమావేశంలో ఎవరికీ నోట మాట రాలేదు, ఎందుకంటే మూడు చుక్కలూ కలిపి నా బొటనవేలి కింద దాగిపోయాయి.

దీని వెనుక పెద్ద ఆలోచన ఏమీ లేదు. మొదటి భవనం ఒక దాత ఇచ్చినది, రెండోది ఆయన బంధువులది, మూడోది అద్దె తక్కువని తీసుకున్నది. ఇప్పుడు నాలుగో కేంద్రానికి కొంత నిధి సమకూరింది. కార్యవర్గంలో కొందరు పాతబస్తీ వైపు చాంద్రాయణగుట్ట ప్రాంతంలో పెట్టాలంటున్నారు. మరికొందరు పశ్చిమ శివారులోని కొల్లూరు అంటున్నారు, ఎందుకంటే 2023లో అక్కడ ప్రారంభమైన, పేదలకు ప్రభుత్వం కట్టించిన 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ల సముదాయానికి మా దగ్గరికి వచ్చే కుటుంబాలు కొన్ని తరలివెళ్లాయి. ఇలాంటి నిర్ణయం అనుభవమున్నవారు ఎలా తీసుకుంటారో దయచేసి చెప్పగలరు.

సమాధానం 1: విశ్రాంత కార్యకర్త

అమ్మా, స్థలం సంగతి తరువాత చూద్దాం. మీ సంస్థ చేసే పనులన్నింటికీ ఒకే పటం సరిపోతుందనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. పిల్లల సంరక్షణ నడిచి వెళ్లగలిగినంత దూరంలో లేకపోతే ఉన్నా లేనట్టే. ఇళ్లలో పనిచేసే స్త్రీ ఉదయం ఆరింటికి చంకన బిడ్డతో రెండు బస్సులు మారి మీ కేంద్రానికి వచ్చి, మళ్లీ అక్కడి నుంచి పనికి వెళ్లడం జరగని మాట. అంగన్‌వాడీకి ప్రభుత్వం 400 నుంచి 800 జనాభాకు ఒకటి అనే లెక్క పెట్టుకున్నదీ ఈ కారణంగానే.

కుటుంబ సలహాకు మాత్రం సరిగ్గా దీనికి విరుద్ధమైన లెక్క. నేను ముప్పై ఏళ్లు ఈ పనిలోనే ఉన్నాను. భర్త కొడుతున్నాడని చెప్పుకోవడానికి వచ్చే స్త్రీ తన బస్తీలోని కేంద్రం మెట్లెక్కదు. ఎదురింటి అత్తమ్మ చూస్తుంది, కిరాణా కొట్టాయన చూస్తాడు, సాయంత్రానికి కబురు ఇంటికి చేరుతుంది. పాతబస్తీలోని యాకుత్‌పురా నుంచి ఒకామె నెలల తరబడి మా సికింద్రాబాద్ కేంద్రానికి వచ్చేది. ఇంట్లో మాత్రం సికింద్రాబాద్‌లోని మోండా మార్కెట్‌కు వెళ్తున్నానని చెప్పేది. కాబట్టి మీ మూడు చుక్కలు ఒకచోట ఉన్నందుకు మరీ అంత సిగ్గుపడవద్దు. ఆ కేంద్రాల్లో ఏ పని దగ్గరగా ఉండాలి, ఏ పని కాస్త దూరంగా ఉన్నా ఫరవాలేదు అన్నది ముందు విడదీయండి. కుట్టు శిక్షణ ఈ రెండింటికీ మధ్యలో పడుతుంది, దాన్ని ఎక్కడైనా సర్దుకోవచ్చు.

సమాధానం 2: రోజూ బస్సులో తిరిగేవాడిని

పై పెద్దవారి మాటకు ఒక చేర్పు. పటం మీద స్కేలు పెట్టి కొలిచే దూరం ఈ నగరంలో పనికిరాదు. మూసీకి అటూ ఇటూ ఉన్న రెండు బస్తీలు నేరుగా గీత గీస్తే కిలోమీటరు దూరంలో ఉండవచ్చు గాని, మనిషి వంతెన దాకా వెళ్లి దాటి రావాలి. రైలు పట్టాల సంగతీ అంతే.

మెట్రో స్టేషన్ పక్కన స్థలం దొరికిందని సంతోషపడే సంస్థలను చూశాను. మీ దగ్గరికి వచ్చేవారు మెట్రో ఎక్కేవారేనా? సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి వచ్చే మెట్రో గ్రీన్ లైన్ మహాత్మా గాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) దగ్గర ఆగిపోతుంది, చాంద్రాయణగుట్ట స్త్రీకి అది అక్కరకు రాదు. పైగా 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు ప్రయాణం ఉచితం, మెట్రోలో కాదు. ఒకప్పుడు ఛార్జీకి భయపడి రానివారు ఇప్పుడు పట్టే సమయానికి, మారాల్సిన బస్సుల సంఖ్యకు భయపడి రావడం లేదు. అందువల్ల మూడు నాలుగు వైపుల బస్సులు కలిసే కూడలికి నడక దూరంలో ఉన్న పాత ఇల్లు, మెట్రో పక్కనున్న కొత్త భవనం కన్నా మేలు.

కొల్లూరు వైపు ఒక మెలిక ఉంది. ఆ ఉచిత ప్రయాణానికి తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. పశ్చిమాన భవన నిర్మాణాల దగ్గర గుడిసెల్లో ఉండే ఒడిశా, బీహార్ కుటుంబాల స్త్రీలకు అది వర్తించదు. వారికి కూడా సేవ అందించాలనుకుంటే కేంద్రమే వారి దగ్గరికి వెళ్లక తప్పదు.

సమాధానం 3: లెక్కలు చూసేవాడు

ఇప్పటివరకు ఎవరూ జిల్లా సరిహద్దుల మాట ఎత్తలేదు. మీ మూడు కేంద్రాలూ హైదరాబాద్ జిల్లాలోనివే. 2016 పునర్విభజన తరువాత మనం నగరం అని పిలుచుకునేది రంగారెడ్డి, మేడ్చల్–మల్కాజిగిరి, సంగారెడ్డి జిల్లాల్లోకి కూడా పరుచుకుని ఉంది. చాంద్రాయణగుట్ట దాటి షాహీన్‌నగర్‌లో అడుగుపెడితే రంగారెడ్డి జిల్లా, కొల్లూరు అయితే సంగారెడ్డి జిల్లా. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం బాలల సంక్షేమ సమితి జిల్లావారీగా ఉంటుంది. కొల్లూరులో దిక్కులేని బిడ్డ మీ చేతికి వస్తే, మీకు ఇన్నేళ్లుగా పరిచయమున్న హైదరాబాద్ సమితి ముందుకు కాకుండా సంగారెడ్డి సమితి ముందుకు తీసుకువెళ్లాల్సి ఉంటుంది. హింసకు గురైన స్త్రీలకు సాయపడే సఖి కేంద్రం, జిల్లా సంక్షేమ అధికారి కూడా మారతారు. ఇది అడ్డంకి అనను గాని, కొత్త పరిచయాలకు పట్టే ఏడాది కాలాన్ని కూడా ఖర్చులో వేసుకోవాలి.

ఇక నిధి. మీకు వచ్చింది కంపెనీ సొమ్మైతే ఒక మాట. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద, ఆ పరిధిలోకి వచ్చే కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి, అందులో తన స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీలు తమ చుట్టుపక్కలనే పని చూపమని అడగడానికి కారణం ఇదే. అయితే ఆ ప్రాధాన్యం సూచనే గాని నిర్బంధం కాదని కేంద్ర కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ స్పష్టం చేసింది, ఆ వివరణను దాతకు చూపి మాట్లాడవచ్చు. దాత భవనాల వెంట ఒకసారి నడిచారు, ఇప్పుడు దాత ఆఫీసు వెంట నడవకండి.

నల్లకుంట నివాసి

అందరికీ కృతజ్ఞతలు. మీ సమాధానాలు చదివి నిన్న తార్నాక కేంద్రం రిజిస్టర్లు తిరగేశాను. ఒక్కసారి వచ్చి మళ్లీ రానివారు ఎక్కడివారో చూద్దామనుకున్నాను. చిరునామా గడిలో చాలాచోట్ల ఆధార్ కార్డులోని సొంత ఊరు రాసి ఉంది గాని, ఆమె ఇప్పుడు ఏ బస్తీలో ఉంటుందో రాసి లేదు. ఎక్కడి నుంచి, ఎన్ని బస్సులు మారి వచ్చిందన్న ప్రశ్న మా ఫారంలోనే లేదు.

కాబట్టి స్థలం నిర్ణయాన్ని మూడు నెలలు వాయిదా వేయమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఈలోగా ఆ రెండు గడులూ ఫారంలో చేరుస్తాం. కొల్లూరులో మాత్రం ఆగకుండా, అక్కడికి వెళ్లిన మా కుటుంబాలలోనే ఒకరి సాయంతో, పిల్లల సంరక్షణకు సముదాయం లోపలే రెండు గదులు దొరుకుతాయేమో వెతుకుతాం. సలహా కేంద్రం బస్సుల కూడలి దగ్గర ఉండాలన్న మాట నాకు నచ్చింది. అఫ్జల్‌గంజ్, మెహదీపట్నం రెండింటిలో చాంద్రాయణగుట్ట వారికి ఏది అనువుగా ఉంటుందో ఆ వైపు నుంచి రోజూ వచ్చేవారు ఎవరైనా చెబితే సంతోషిస్తాను.