కృషికి వట్రుసుడి, శ్రుతికి రవత్తు: పిల్లలకు తేడా ఎలా చెప్పాలి?

సందేహం: అనంతపురం జిల్లాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతికి తెలుగు చెబుతున్నాను. రెండింటినీ ‘రు’ అనే పలుకుతాము కాబట్టి, ఎక్కడ వట్రుసుడి రాయాలో, ఎక్కడ కొమ్ముతో రవత్తు రాయాలో పిల్లలకు తెలియడం లేదు. నిన్న ఉక్తలేఖనంలో ఒక పాప ‘అనావ్రుష్టి’ అని రాసింది. దిద్దబోతే, ‘మీరు పలికింది అట్లనే కదా సార్’ అన్నది. ఏమని చెప్పాలి?

సమాధానం: ఆ పాప మాటలో న్యాయముంది, మాస్టారూ. చెవికి తేడా తెలియనప్పుడు ఆ పదానికి చుట్టాలెవరో వెతికించడమే దారి. నల్లబల్ల మీద ‘వృష్టి’ పక్కన ‘వర్షం’ రాసి, రెండింటి అర్థమూ వానేనని చెప్పి, ‘వర్’ అన్న భాగాన్ని పాప చేతనే గట్టిగా పలికించండి. కృషికి కర్షకుడు, నృత్యానికి నర్తకి, మృతికి మరణం కూడా ఇటువంటి చుట్టాలే. హల్లుకూ రకారానికీ నడుమ ‘అ’ వినిపించే చుట్టం దొరికితే అక్కడ వట్రుసుడి రాయాలి. శ్రుతికి శ్రవణం, ద్రుతానికి ద్రవం, శత్రువుకు శాత్రవం చుట్టాలు. వీటిలో రకారం హల్లును అంటిపెట్టుకునే ఉండి, దాని వెంట ‘వ’ వస్తుంది కాబట్టి ఇక్కడ రవత్తే సరైనది. ‘శృతి’ అన్న రాత ఎంత వాడుకలో ఉన్నా, పాఠంలో మాత్రం ‘శ్రుతి’ అనే నేర్పండి.

అచ్చ తెలుగు మాటలకైతే ఇంత వెతుకులాట అక్కరలేదు, వాటిలో వట్రుసుడి ఉండదు. క్రుంగులో, త్రుంచులో రవత్తు తీసేసినా కుంగు, తుంచు అని అదే అర్థంతో మాట నిలుస్తుంది.

మరొకరు, కర్నూలు నుంచి: సృష్టికి స్రష్ట, దృష్టికి ద్రష్ట ఉన్నాయి కదండీ? వీటిలో రకారం హల్లును అంటుకునే ఉంది.

సమాధానం: మంచి ప్రశ్న అడిగారు. వాటికే సర్జనం, దర్శనం అనే చుట్టాలు కూడా ఉన్నాయి. పైగా స్రష్టలో, ద్రష్టలో రకారం వెంట ‘వ’ రాలేదు. నాలుగో తరగతిలో మాత్రం దర్శనంతో ఆపడం మేలు. వృక్షం, గృహం, మృగం వంటి వాటికి ఆ వయసు పిల్లలకు తెలిసిన చుట్టాలు లేవు కాబట్టి, బొమ్మ పక్కన పదం రాయించి కంటికి అలవాటు చేయాలి. రుషి, రుతువు అని రాసినందుకు మార్కులు తగ్గించకండి. పత్రికల్లోనూ ఆ రాత స్థిరపడింది.