ఆన్‌లైన్‌లో కొన్న మిక్సీ పాడైంది, రిటర్న్ గడువు అయిపోయిందంటున్నారు. ఏం చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఉంటాను. కరీంనగర్‌లో ఉన్న అమ్మకి పోయిన నెల ఒక పెద్ద షాపింగ్ యాప్‌లో మిక్సీ ఆర్డర్ పెట్టాను, 4,299 రూపాయలు. మూడో రోజు ఇడ్లీకని నానబెట్టిన మినప్పప్పు వేసి తిప్పితే రెండు నిమిషాలకే మోటారు కాలిన వాసన. జార్ అడుగు నుంచి పిండి కారి గట్టంతా పాడైంది. ఐదో రోజు రిటర్న్ పెట్టాను. వెనక్కి తీసుకెళ్లాల్సిన అబ్బాయి రెండుసార్లూ రాకుండానే 'ఇంటికి తాళం' అని రాసేశాడు. ఆ రెండు రోజులూ అమ్మ గడప దాటలేదు. ఈలోగా ఏడు రోజులు గడిచిపోయాయి. ఇప్పుడేమో చాట్‌లో "రిటర్న్ గడువు ముగిసింది, మేం మధ్యవర్తులం మాత్రమే, అమ్మినవారిని సంప్రదించండి" అంటున్నారు. ఆ అమ్మినవాళ్లెవరో, ఏ ఊళ్లో ఉన్నారో తెలీదు. పైగా బిల్లు తీసి చూస్తే నేను అడగని 'అదనపు వారంటీ' 349 కూడా పడింది. నాలుగు వేల కోసం కోర్టుల చుట్టూ తిరగలేను. వదిలేసుకోవాల్సిందేనా?

జవాబు 1:
వదలొద్దండీ. ముందు 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడొచ్చు, ఫిర్యాదు రాసుకుని నంబరు ఇస్తారు. ఇంకో మాట, కంపెనీ కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతకకండి. దొంగ నంబర్లు బోలెడు ఉన్నాయి. మా బావగారు అలాగే ఒక నంబరుకి చేసి, వాళ్లు చెప్పిన యాప్ వేసుకుని, రిఫండ్ రాకపోగా ఖాతాలో ఉన్న డబ్బు పోగొట్టుకున్నారు. అలాంటిది జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి, అంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్‌కి చేయాలి.

జవాబు 2:
అమ్మా, నేను రిటైరైన ఉద్యోగిని. ఒక ఫ్రిజ్ విషయంలో లాయరు లేకుండా నా కేసు నేనే నడుపుకున్నాను, డబ్బు రాబట్టుకున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

పై జవాబులో చెప్పిన 1915 మంచిదే. చాలామందికి అక్కడే తేలిపోతుంది కూడా. కాకపోతే వాళ్లు కంపెనీతో మాట్లాడి ఒప్పించగలరే తప్ప, ఇచ్చి తీరాలని ఆదేశించలేరు. ఆదేశించేది వినియోగదారుల కమిషన్, అంటే మనం కన్జ్యూమర్ కోర్టు అనేది. అక్కడిదాకా వెళ్లినా, వెళ్లకపోయినా, మీ చేతిలో ఒక కాగితం ఉండాలి.

ఆ కాగితం ఏంటంటే, ఫిర్యాదుల అధికారికి మీరు రాసే మెయిల్. చాట్‌లో మాట్లాడటం వేరు, ఇది వేరు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం ప్రతి షాపింగ్ యాప్‌కీ గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి. ఆయన పేరు, హోదా, మెయిల్ అన్నీ యాప్‌లోనే పెట్టాలి. కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఓపిగ్గా వెతకండి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. చాట్‌లో మీరు గంటసేపు టైపు చేసినా ఈ గడియారం మొదలైందని గట్టిగా చెప్పలేం. మెయిల్ పంపిన నిమిషం నుంచి మొదలవుతుంది.

ఇక 'గడువు ముగిసింది' అన్న మాట. ఏడు రోజులనేది వాళ్లు పెట్టుకున్న పాలసీ. చట్టం కాదు. వస్తువు లోపంతో వచ్చినా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోనని, డబ్బు ఇవ్వనని అనడానికి వీల్లేదని అవే నియమాల్లో ఉంది. అదీగాక మీరు ఐదో రోజే రిటర్న్ పెట్టారు కదా. ఆ స్క్రీన్‌షాట్, 'ఇంటికి తాళం' అని వచ్చిన రెండు మెసేజ్‌లు తేదీలు కనిపించేలా దాచుకోండి. యాప్‌లో కొన్నాళ్లకు అవి కనిపించకపోవచ్చు.

అమ్మినవాళ్ల చిరునామా బిల్లు పీడీఎఫ్‌లో ఉంటుంది, జీఎస్‌టీ నంబరు పక్కన చూడండి. చాలకపోతే, కొన్న తర్వాత మీరు రాతపూర్వకంగా అడిగితే ఆఫీసు అడ్రసుతో సహా వివరాలు యాప్ వాళ్లు ఇవ్వాలి. అదీ మెయిల్‌లో ఒక వాక్యంగా చేర్చండి.

349 సంగతి నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది. ముందే టిక్ పెట్టి ఉంచి దాన్నే మీ అంగీకారంగా లెక్కేయడం ఆ నియమాల్లోనే నిషేధం. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 రకాల మోసపు డిజైన్ల జాబితా ఇచ్చింది, వాటినే డార్క్ ప్యాటర్న్స్ అంటున్నారు. అడగకుండా బుట్టలో వస్తువు వేయడం అందులో ఒకటి. వద్దనే బటన్ మీద 'నాకు రక్షణ అక్కర్లేదు' అని రాసి మనల్ని ఇబ్బంది పెట్టడం ఇంకోటి. వారంటీ డబ్బు వేరుగా అడగండి, మిక్సీ గొడవతో కలపకండి.

జవాబు 3:
నాదీ ఇలాంటి సమస్యే కాబట్టి అడుగుతున్నా. మధ్యవర్తులం అంటే చట్టం ఒప్పుకుంటుందని మా తమ్ముడు అంటున్నాడు, నిజమేనా? ఇంకోటి, ఆర్డర్ ఒకరి పేరు మీద ఉండి వాడేది ఇంకొకరైతే కేసు ఎవరు వేయాలి?

జవాబు 2:
మీ తమ్ముడు చెప్పింది సగం నిజం. ఐటీ చట్టం 79వ సెక్షన్‌లో మధ్యవర్తులకు రక్షణ ఉంది, కానీ అది షరతులతో వచ్చేది. 2019 వినియోగదారుల చట్టంలో ఆన్‌లైన్ మార్కెట్‌ ప్రస్తావన నేరుగానే ఉంది. బాధ్యత ఎవరిదో మనం తేల్చక్కర్లేదు. అమ్మినవాళ్లనీ, యాప్‌నీ ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టండి, కమిషన్ తేలుస్తుంది. ఒక్కరినే పెడితే వాళ్లు రెండోవాళ్ల మీదకి తోసేస్తారు.

కొన్నవాళ్లే కాదు, వాళ్ల అనుమతితో వాడుకునేవాళ్లూ వినియోగదారులే. కాబట్టి కూతురు వేయొచ్చు, తల్లి వేయొచ్చు. కంపెనీ బెంగళూరులో ఉన్నా సరే, మీరు ఉండే చోటే వేసుకోవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఇంటి నుంచే ఫైల్ చేయొచ్చు, వీడియోలో హాజరవుతామని అర్జీ పెట్టుకోవచ్చు. రెండేళ్ల లోపు వేయాలి.

ఎంతకాలం అంటారా? చట్టంలో మూడు నెలలు, వస్తువుని పరీక్షకు పంపాల్సి వస్తే ఐదు అని ఉంది. నా కేసుకి పద్నాలుగు నెలలు పట్టింది. అబద్ధం చెప్పి ఆశ పెట్టడం ఇష్టంలేక చెబుతున్నా. కానీ ప్రతివాది జవాబుకి మాత్రం 30 రోజులు, మహా అయితే ఇంకో 15. 45 దాటి పొడిగించే అధికారం కమిషన్‌కి లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది.

అడిగినవారు:
చాలా ధన్యవాదాలు సార్. మెయిల్ మంగళవారం పంపాను. మర్నాడే అందిందని జవాబొచ్చింది. నిన్న 349 ఖాతాలో పడింది! మిక్సీ గురించి "పరిశీలిస్తున్నాం" అన్నారు. అమ్మేమో పక్క వీధిలో మెకానిక్‌కి ఇచ్చి బాగు చేయించుకుంటానంటోంది, రోజూ పక్కింటికెళ్లి చట్నీ పట్టించుకోవడం నామోషీగా ఉందట. ఇవ్వమంటారా?

జవాబు 2:
వద్దమ్మా, వద్దు. స్క్రూ ఒక్కటి విప్పినా 'మేం ఇచ్చింది బాగానే ఉంది, మీరే పాడుచేశారు' అంటారు. ఆ మిక్సీయే మీ సాక్ష్యం. డబ్బా, లోపలి థర్మకోల్, సీరియల్ నంబరు స్టిక్కర్ ఏదీ పారేయొద్దని చెప్పండి. ఒకసారి ఆన్ చేసి పిండి కారేది వీడియో తీసి ఉంచుకోండి, మోటారు వేడెక్కేలోపే ఆపేయండి. మంగళవారం నుంచి నెల లెక్కపెట్టి క్యాలెండర్‌లో రాసుకోండి. ఆ రోజుకీ డబ్బు రాకపోతే ఇక్కడే చెప్పండి, ఫిర్యాదు ఎలా రాయాలో నేను దగ్గరుండి చూపిస్తాను.