సమస్యాపూరణం: "నీట నుప్పు వేయ నిప్పు వెలిగె"

నిర్వాహకుడు, తిరుపతి:
ఈ వారం ఆటవెలది పద్యం నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడూ మీరు పూరించాలి. ఇంటర్ పిల్లలూ రాస్తామన్నారు కాబట్టి కెమిస్ట్రీ వాసన తగిలించాను. యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో కుదిరే పొత్తు) తప్పకూడదు, కెమిస్ట్రీ అసలే తప్పకూడదు.

పలమనేరు మాస్టారు:
వాన నీట ముంచి వైరులు జతజేయ
వెలుగ లేదు బల్బు, విసుగు పుట్టె
అయ్యవారు నవ్వి యాగుమా యని యంత
నీట నుప్పు వేయ నిప్పు వెలిగె

చిత్తూరు నుంచి ఒక సభ్యుడు:
"వాన నీట" అన్న మాటతోనే మార్కులు కొట్టేశారు మాస్టారూ. మా బోరు నీళ్లయితే ఉప్పు పడకముందే ఎల్‌ఈడీ మిణుకుమంటుంది. కాల్షియం, మెగ్నీషియం లవణాలు అందులోనే ఉన్నాయి మరి. కానీ ఎల్‌ఈడీలో నిప్పెక్కడిది?

పలమనేరు మాస్టారు:
అందుకే బల్బు అన్నాను నాయనా. బ్యాటరీకి కట్టిన టార్చి బల్బులో టంగ్‌స్టన్ తీగ కాగి వెలుగుతుంది. దానికి ఉప్పు దండిగా పడాలి. నీళ్లలో వైర్ల చుట్టూ బుడగలొస్తాయి, బ్లీచింగ్ పౌడరు వాసనా వస్తుంది. అది క్లోరిన్. మా క్లాసులో కిటికీలు తెరిచే చేయిస్తాను.

చంద్రగిరి, ఇంటర్ విద్యార్థిని:
చక్కెరెంత వేయ చలనమ్ము లేదాయె
విడి యయాన్లు లేవు, వెలుగు లేదు
క్లోరు సోడియాలు కోరి విడిచి పోవ
నీట నుప్పు వేయ నిప్పు వెలిగె

నిర్వాహకుడు:
మొదటి రెండు పాదాలు భేష్ అమ్మా. చక్కెర కరిగినా అణువు అణువుగానే ఉంటుంది, కరెంటు మోసే అయాన్లు (విద్యుదావేశమున్న కణాలు) రావు. పేచీ అంతా "కోరి" దగ్గరే. యతి కుదిరింది గానీ, అవి కోరి విడిపోవు. ఉప్పు పలుకులోనే సోడియం ధన అయాను, క్లోరైడు రుణ అయాను. నీటి అణువుకు ఆక్సిజన్ వైపు కొంచెం రుణం, హైడ్రోజన్ల వైపు కొంచెం ధనం. ఆ బలంతో నీరే చుట్టుముట్టి వాటిని విడదీస్తుంది. "క్లోరు సోడియాల కొంగుముడి విడగ" అని చూడు, గణాలూ నిలుస్తాయి.

చంద్రగిరి, ఇంటర్ విద్యార్థిని:
పెళ్లి పెటాకులు చేశారు సార్! ఉప్పు బదులు నిమ్మరసం పిండితే వెలగదా?

పలమనేరు మాస్టారు:
ఎల్‌ఈడీ అయితే వెలుగుతుంది, మసగ్గా. సిట్రిక్ ఆమ్లం బలహీనం, కొన్ని అణువులే అయాన్లవుతాయి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడు అయితే దాదాపు పూర్తిగా విడిపోతాయి. లవణాలు నీటిలో అయాన్లుగా ఉంటాయని 1884లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్హీనియస్ థీసిస్ రాస్తే, ఉప్సలా విశ్వవిద్యాలయంలో అత్తెసరు మార్కులిచ్చి పంపారు. 1903లో ఆ సిద్ధాంతానికే నోబెల్ వచ్చింది. "కోరి" పోయిందని నువ్వేం దిగులుపడకు.

అలిపిరి నుంచి ఒక గృహిణి:
కొండ మెట్ల నెక్కి గుండె యలసిపోవ
చెమట నుప్పు జారి చేవ తగ్గె
అమ్మ నిమ్మ పిండి యందు చక్కెర కల్పి
నీట నుప్పు వేయ నిప్పు వెలిగె

నిర్వాహకుడు:
ఈ వారం నా ఓటు దీనికే. అందరూ బల్బు పట్టుకుని కూర్చుంటే, ఈమె నిప్పును ఒంట్లో వెలిగించారు. "అందు", "నీట" రెండూ ఒకే పని చేస్తున్నాయి, అదొక్కటే లోటు. చక్కెర మాత్రం పాదం నింపడానికి వచ్చింది కాదు. పేగులో గ్లూకోజు తోడుంటేనే సోడియం చురుగ్గా లోపలికి వెళ్తుంది, దాని వెంట నీరూ వెళ్తుంది. ఓఆర్ఎస్‌లో లీటరుకు 2.6 గ్రాముల ఉప్పుకు 13.5 గ్రాముల గ్లూకోజు పెట్టింది అందుకే.

వచ్చే వారానికి: "పులుపు తాగినంత పోయె మంట". యాంటాసిడ్ ప్రకటనల్లాంటి పద్యాలు పంపొద్దు.