గుత్తికోయ గూడేలకి మెడికల్ క్యాంపు: మందుల పెట్టెలో ఏం పెట్టాలి?

గుంటూరు హౌస్‌సర్జన్
నమస్తే అండీ. మొన్ననే హౌస్‌సర్జన్సీ అయిపోయింది. విజయవాడ నుంచి మేం ఆరుగురం జులైలో చింతూరు మండలంలోని గుత్తికోయ గూడేలకి వెళ్దామనుకుంటున్నాం. 2005లో ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లో మావోయిస్టులకి వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు వదిలేసి ఇటు వచ్చినవాళ్లు. గవర్నర్‌పేటలో తెలిసిన మందుల ఏజెన్సీ ఆయన యాభై వేల రూపాయల సరుకు ఇస్తానన్నారు. పారాసెటమాల్, బీకాంప్లెక్స్, దగ్గు సిరప్పులు, యాంటీబయాటిక్స్, సెలైన్ సీసాలు రాసుకున్నా. ఇంకేం కావాలి? మా అమ్మేమో "అక్కడ కాల్పులట కదే" అని ఒకటే గోల. తుపాకీ గాయంతో ఎవరన్నా వస్తే ఏం చెయ్యాలి?

రిటైర్డ్ మెడికల్ ఆఫీసర్, విజయవాడ
డాక్టరమ్మా, ముందు ఆ సెలైన్ సీసాలు దించెయ్యండి. ఎక్కించాక పక్కన కూర్చునేదెవరు? దగ్గు సిరప్పులు కూడా వద్దు. నేనూ కుర్రతనంలో ఇలాంటి క్యాంపులు చేశాను. ఫొటోలు బాగానే వచ్చాయి. మర్నాటికి జ్వరం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

జులై అంటే ఆ అడవిలో మలేరియా కాలం. మీకు కావల్సింది ర్యాపిడ్ టెస్టు కిట్లు, ఏసీటీ మాత్రలు (ఆర్టెమిసినిన్ కలిపిన మలేరియా మందు). అవి గవర్నర్‌పేటలో కొనొద్దు, పీహెచ్‌సీ నుంచే తీసుకోండి, అప్పుడే లెక్క ఒక్కచోట ఉంటుంది. ఏసీటీ ప్యాకెట్లు వయసును బట్టి ఐదు రంగుల్లో వస్తాయి: ఏడాది లోపు గులాబి, 1-4 పసుపు, 5-8 ఆకుపచ్చ, 9-14 ఎరుపు, ఆపై తెలుపు. కోర్సు 3 రోజులు. ఫాల్సిపేరమ్ (ప్రాణం మీదికి తెచ్చే రకం మలేరియా) అయితే రెండో రోజు ఒక్క డోసు ప్రైమాక్విన్ మాత్ర కలపాలి, గర్భిణులకీ ఏడాది లోపు పిల్లలకీ మాత్రం ఇవ్వకూడదు. గర్భిణికి పాజిటివ్ వస్తే మీరు ప్రయోగాలు చెయ్యకుండా పీహెచ్‌సీకి పంపండి.

ఇప్పుడు చెప్పండి, మీరు ఒక్కరోజు ఉండి వచ్చేస్తే రెండో రోజు, మూడో రోజు మాత్ర ఎవరు వేయిస్తారు? దానికి జవాబు దొరికాకే బయల్దేరండి.

ఏజెన్సీ ఏఎన్ఎం
సార్ చెప్పింది నిజం. మొదటి రోజు మాత్రతో జ్వరం దిగగానే మిగతావి గూట్లో పెట్టేస్తారు, ఇంకొకళ్లకి వచ్చినప్పుడు వాడుకుందామని. తప్పు వాళ్లది కాదు, మళ్లీ మేం వస్తామన్న నమ్మకం లేక. నేను ప్యాకెట్ మీద మూడు సూర్యుళ్లు గీస్తాను, ఒక్కో పొద్దుకి ఒకటి కొట్టెయ్యమని. ఆశా అక్క సాయంత్రం ఆ ఖాళీ ప్యాకెట్ చూస్తుంది.

భాష సంగతి. ఇక్కడి కోయ మాటకీ బస్తర్ నుంచి వచ్చినవాళ్ల మాటకీ తేడా ఉంది. చింతూరు కోయ కుర్రాణ్ణి తీసుకెళ్తే చాలదు, ఆ గూడెం మనిషే పక్కన ఉండాలి. ఆడవాళ్ల విషయాలకి ఆడమనిషే చెప్పాలి. పిల్లాడితో అమ్మ కడుపు సంగతి అడిగించొద్దు.

టీకాల జోలికి మీరు రావద్దు తల్లీ, అవి మాకొదిలెయ్యండి. ఐస్ ప్యాక్ సరిగ్గా కండిషన్ చెయ్యకపోతే, అంటే బయట పెట్టి కాస్త కరగనివ్వకపోతే, పెంటావాలెంట్ టీకా గడ్డకట్టి పాడవుతుంది, ఎండకి ఓపీవీ (పోలియో చుక్కలు) పాడవుతుంది. మీరు వచ్చే రోజు మా టీకాల రోజుతో కలిపితే మాత్రం మాకెంతో మేలు, జనం ఒక్కచోట దొరుకుతారు. ఆధార్ లేదని, కార్డు పోయిందని ఎవర్నీ వెనక్కి పంపొద్దు.

గుంటూరు హౌస్‌సర్జన్
మరి తుపాకీ గాయం సంగతి?

రిటైర్డ్ మెడికల్ ఆఫీసర్, విజయవాడ
ముందు రక్తం ఆపండి. ఏ పక్షం అని అడగొద్దు. 1949 జెనీవా ఒప్పందాల ఉమ్మడి 3వ అధికరణం గాయపడినవాళ్లకి చికిత్స చెయ్యాలనే అంటుంది. మన సుప్రీంకోర్టు కూడా 1989లో పరమానంద్ కటారా కేసులో చెప్పింది: ప్రాణం కాపాడ్డం మొదట, లాంఛనాలు తర్వాత. ఆ తర్వాత మెడికో లీగల్ కేసుగా రాసి ఆసుపత్రికి పంపండి. ఆ కబురు పోలీసులకి వెళ్తుంది. అది రోగి దగ్గర దాచొద్దు. నేనెవరికీ చెప్పనని మాటిచ్చి తర్వాత చెప్పడం కన్నా పాపం లేదు.

పోలీసు జీపులో గూడెంలోకి వెళ్లొద్దు, మచ్చల ఆకుపచ్చ చొక్కాలు వెయ్యొద్దు. ఎవరికీ మందుల పెట్టె మొత్తం అప్పగించొద్దు, ఎదురుగా కూర్చున్న రోగికే ఇవ్వండి. గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకీ, జిల్లా వైద్యాధికారి డీఎంహెచ్‌ఓకీ ముందే ఉత్తరం ఇవ్వండి.

ఇబ్రహీంపట్నం డ్రైవర్
మేడమ్, మా ఇబ్రహీంపట్నం దగ్గర్నుంచి వెళ్లే 30వ నంబరు హైవేనే భద్రాచలం, చింతూరు, కుంట మీదుగా జగదల్‌పూర్ దాకా పోతుంది. హైవే బాగానే ఉంటుంది, దిగాకే కష్టం. వాన పడితే వాగు ఎప్పుడు పొంగుద్దో చెప్పలేం. మధ్యాహ్నం మూడింటికల్లా వాగు ఇవతలికి వచ్చెయ్యండి. టెస్టు కిట్లు డ్యాష్‌బోర్డు మీద పెట్టనియ్యకండి, కాగిపోతాయి.

ఏజెన్సీ ఏఎన్ఎం
ఇంకొకటి మర్చిపోయా. చేతి చుట్టుకొలత టేపు తెచ్చుకోండి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల పిల్లల్లో 11.5 సెంటీమీటర్లు కన్నా తక్కువుంటే తీవ్ర పోషకాహార లోపం, మాకు రాసివ్వండి. ఓఆర్‌ఎస్, జింకు ఎక్కువే తెండి. జింకు 14 రోజులు వెయ్యాలి, విరేచనాలు తగ్గినా ఆపకూడదు. బీకాంప్లెక్స్ డబ్బుతో దోమతెరలు కొనండి. మూర్ఛ వచ్చినా, నీళ్లు తాగలేకపోయినా, కూర్చోలేకపోయినా టెస్టు కోసం కూడా ఆగొద్దు, చింతూరు ఆసుపత్రికి పంపండి.

గుంటూరు హౌస్‌సర్జన్
జాబితా చింపేశాను. ఆరుగురం కలిసి ఒకసారి వెళ్లే బదులు, ఇద్దరిద్దరం వారం మార్చి వారం ఒకే గూడేనికి, టీకాల రోజునే వెళ్తాం. మూడు నెలలకి సరిపడా పేర్లు రాశాం. అక్కా, మీ పీహెచ్‌సీలో టీకాల రోజు ఎప్పుడు?

ఏజెన్సీ ఏఎన్ఎం
బుధవారం. ముందు రోజు రాత్రికే చింతూరు చేరండి. పొద్దున్నే ఏడింటికి నాతో బయల్దేరుదురు గాని.