నేరం జరక్కుండా పోలీసులిచ్చే 168 నోటీసుతో హౌస్ అరెస్ట్ చేయొచ్చా?

ఏపీలో ప్రాక్టీస్ చేస్తున్న లాయర్లెవరైనా ఉంటే కాస్త చెప్పండి.

విషయం: ఆర్డీవో ఆఫీసు దాకా 200 మందితో ర్యాలీ, మైకు లేదు. రూటు, టైము, వలంటీర్ల ఫోన్ నంబర్లతో డీఎస్పీ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి, కాపీ మీద రసీదు స్టాంపు వేయించాం. జవాబు మాత్రం నోటిమాటే: ‘సెక్షన్ 30 అమల్లో ఉంది, కుదరదు.’

1861 పోలీసు చట్టం సెక్షన్ 30 ఊరేగింపుల్ని నియంత్రించడానికే గానీ మొత్తానికే ఆపేయడానికి కాదు కదా. రోడ్ల మీద సభలకు అడ్డుపడ్డ జీవో 1ని 2023 మేలో హైకోర్టు కొట్టేసింది కూడా. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టంలోని 163 (జనం గుమిగూడొద్దనే పాత 144) పెట్టాలంటే కారణాలు రాసిన ఉత్తర్వు ఉండాలి. ఇక్కడ అదేమీ లేదు.

మామూలుగా జరిగేది ఏంటంటే, ముందురోజు రాత్రి నాయకులకు 168 (పాత 149) నోటీసు, తెల్లారేసరికి గుమ్మం ముందు ఇద్దరు కానిస్టేబుళ్లు. జనం ఎలాగూ వస్తారు. ఎటు తిరగాలో, ఎక్కడ ఆగాలో చెప్పేవాళ్లు ఉండరు. బారికేడ్ దగ్గర తోపులాట మొదలయ్యేది అందుకే. ఆ మాట ఏ పోలీసు రిపోర్టులోనూ ఉండదనుకోండి.

నా సందేహాలు: నేరాన్ని అడ్డుకోమనే 168 కింద మనిషిని ఇంట్లోంచి కదలనివ్వకుండా ఆపొచ్చా? 170 (పాత 151) కింద ముందస్తు అరెస్టు చూపిస్తే 24 గంటల గడువు ఉంది, చూపించకపోతే దేన్ని పట్టుకుని అడగాలి? నోటిమాట తిరస్కరణ మీద హైకోర్టులో రిట్ పిటిషన్ నిలుస్తుందా, లేక రాసివ్వమని మళ్లీ అర్జీ పెట్టాలా? నోటీసు మీద ‘అభ్యంతరంతో తీసుకున్నాను’ అని రాసి సంతకం పెడితే తర్వాత పనికొస్తుందా?