రిటైర్మెంట్ డబ్బుతో అలాస్కా: ఓడ ఒక్కటి చాలదా, మోటర్‌హోమ్ కూడా కావాలా?

నల్లగొండ మాస్టారు
అందరికీ నమస్కారం. జూనియర్ లెక్చరర్‌గా పనిచేసి, 61 నిండి ఈ మార్చిలో రిటైర్ అయ్యాను. అబ్బాయి సియాటిల్‌లో ఉంటాడు. వచ్చే జూన్‌లో వాడి దగ్గరికి వెళ్లి, నేనూ మా ఆవిడా అలాస్కా చూసి రావాలని ప్లాన్. వాంకోవర్‌లో ఓడ ఎక్కితే ఏడు రాత్రుల తర్వాత విట్టియర్ రేవులో దింపుతారు. అక్కడి నుంచి ఆంకరేజ్ చేరి, మోటర్‌హోమ్ (పడక, వంటగది లోపలే ఉండే బండి) అద్దెకు తీసుకుని ఎనిమిది రోజులు దెనాలి పార్కు, సీవార్డ్ ఊరి వైపు తిరగాలి. విమానం టికెట్లతో కలిపి 14 లక్షలు అవుతుందని లెక్క తేలింది.

మా ఆవిడ ఓడ చాలు, బండి వద్దు అంటోంది. ఎందుకని అడిగితే "మీకు అర్థం కాదులెండి" అంటోంది. నాకైతే బండే ముఖ్యం. 34 ఏళ్లు గంట కొడితే క్లాసుకు పోయి, గంట కొడితే బయటికొచ్చి బతికాను. నచ్చిన చోట ఆగి, చూడాలనిపించినంతసేపు చూసి, అక్కడే పడుకోవాలని ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జడ్చర్ల డ్రైవరన్న
మాస్టారూ, మీరు ఇప్పటిదాకా నడిపిన అతి పెద్ద బండి ఏది?

నల్లగొండ మాస్టారు
ఆల్టో.

జడ్చర్ల డ్రైవరన్న
అయితే వద్దు. నేను 26 ఏళ్లు బస్సు నడిపాను. పొడుగు బండి తిప్పేటప్పుడు ముందు భాగం ఎటు పోతుందో అందరూ చూస్తారు. వెనక చక్రాల అవతల ఉన్న భాగం రెండో వైపుకు విసురుతుందని తెలిసేసరికి పక్కన నిలబెట్టిన బైక్ పడిపోయి ఉంటుంది. అక్కడ కుడివైపు ట్రాఫిక్. 40 ఏళ్లుగా ఎడమవైపు పోయిన చెయ్యి కంగారులో మళ్లీ ఎడమకే పోతుంది. కొత్త బస్సు ఇచ్చినప్పుడు నాకే రెండు వారాలు మెడలు పట్టేశాయి. 61 ఏళ్ల మనిషి, కొత్త దేశం, 25 అడుగుల బండి. ఏం ఆలోచించి ఈ ప్లాన్ వేశారు?

సియాటిల్ పాలమూరోడు
నేనూ నా భార్యా 2023లో అచ్చం ఇదే ట్రిప్ చేశాం, కాబట్టి కొంచెం వివరంగా రాస్తా.

ముందు వీసా. అమెరికా వీసా ఒక్కటే సరిపోదు, వాంకోవర్‌లో ఎక్కాలంటే కెనడా వీసా కూడా కావాలి. సియాటిల్‌లోనే ఓడ ఎక్కొచ్చు కదా అంటారేమో. విదేశీ జెండా ఉన్న ఓడ ఒక అమెరికా రేవులో ఎక్కించుకుని ఇంకో అమెరికా రేవులో దింపకూడదని 1886 నాటి చట్టం ఉంది. అందుకే సియాటిల్ ఓడలు మధ్యలో కెనడా రేవు తాకి, తిరిగి సియాటిల్‌కే వస్తాయి. విట్టియర్‌లో దిగాలంటే వాంకోవరే దారి.

ఓడ దిగాక బస్సులోనో రైల్లోనో ఆంకరేజ్ చేరుస్తారు. అది మన నల్లగొండ నుంచి హైదరాబాద్ అంత దూరం. దారిలో నాలుగు కిలోమీటర్ల సొరంగం ఉంది. ఒకటే లేన్, ఆ లేన్‌లోనే రైలు పట్టాలు. కాసేపు ఇటువైపు బండ్లు, కాసేపు అటువైపు బండ్లు, మధ్యలో రైలు. వంతు కోసం ఆగాల్సిందే.

డ్రైవరన్న భయం నాకు అర్థమైంది కానీ, ఆంకరేజ్ నుంచి దెనాలి దాకా దాదాపు 380 కిలోమీటర్లూ బెంగళూరు హైవే లాంటి రద్దీ ఉండదు. వెనక ఐదు బండ్లు పోగుపడితే పక్కకు ఆపి దారి ఇవ్వాలని అక్కడ రూలే ఉంది. జూన్‌లో 19 గంటల దాకా పగలే. చీకట్లో నడపాల్సిన పనే పడదు. దెనాలి పార్కులో సొంత బండిని 24 కిలోమీటర్ల దాకానే పోనిస్తారు, ఆ తర్వాత పార్కు బస్సే.

పెట్రోలు మాత్రం లీటరుకు నాలుగు కిలోమీటర్ల చుట్టుపక్కలే. అది లెక్కలో వేసుకోండి సార్.

దేవరకొండ
ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మన ఆర్టీఏ ఆఫీసులోనే ఇస్తారు, ఏడాది పనిచేస్తుంది. మర్చిపోవద్దు.

జడ్చర్ల డ్రైవరన్న
తమ్ముడూ, అంతా బాగానే రాశావు. ఆ బండిలో లెట్రిన్ ఉంటుంది కదా, అది నిండితే ఎవరు ఖాళీ చేయాలి? ఆ ముక్క రాయలేదే?

సియాటిల్ పాలమూరోడు
నడిపేవాళ్లే చేయాలి అన్నా. క్యాంప్ గ్రౌండ్లలో దానికని చోటు ఉంటుంది. మూడంగుళాల గొట్టం తగిలించి ముందు లెట్రిన్ ట్యాంకు వదలాలి, తర్వాత సింకు నీళ్ల ట్యాంకు. ఆ సబ్బునీళ్లకు గొట్టం కడుక్కుపోతుంది. చేతికి గ్లవ్స్. పది నిమిషాల పని.

జడ్చర్ల డ్రైవరన్న
14 లక్షలు పెట్టి అమెరికా పోయి లెక్చరర్ సారు ఆ గొట్టం పట్టుకోవాలా?

సియాటిల్ పాలమూరోడు
పట్టుకుంటే తప్పేంటి? ఇక్కడ అందరూ చేసుకుంటారు. డాక్టర్లూ చేసుకుంటారు.

జడ్చర్ల డ్రైవరన్న
నేను తప్పు అనలేదు. అవసరమా అన్నాను.

అచ్చంపేట
ముందు సాగర్ నుంచి శ్రీశైలం లాంచీ ఎక్కి చూడండి సార్. ఐదారు గంటల ప్రయాణం. అమ్మగారికి వాంతులు వస్తాయో లేదో అక్కడే తెలిసిపోతుంది.

సియాటిల్ పాలమూరోడు
సాగర్ నీళ్లు నిలకడ నీళ్లు, అక్కడ తెలియదు అన్నా. అయినా ఈ ఓడ ఎక్కువగా దీవుల మధ్య నుంచే పోతుంది, అలలు తక్కువ. చివర్లో అలాస్కా గల్ఫ్ దాటేటప్పుడే ఊగుతుంది. మాత్ర వేసుకుంటే చాలు. మంచునదులు సముద్రంలోకి దిగే గ్లేసియర్ బేలోకి పోయేది ఉంటే అదే ఓడ తీసుకోండి. అందులోకి రోజుకు రెండే పెద్ద ఓడలను రానిస్తారు. మంచుగోడలోంచి ఒక ముక్క విరిగి నీళ్లలో పడడం ముందు కనిపించింది, ఉరుములాంటి చప్పుడు కాసేపటికి వచ్చింది. డెక్ మీద అంతమంది ఉన్నా ఒక్కరూ మాట్లాడలేదు.

మక్తల్
ఇదంతా చదువుతుంటే కడుపు మండుతోంది. 14 లక్షలా? మా అమ్మానాన్న పాలమూరు లేబర్. గుంపుమేస్త్రీ ఇచ్చిన అడ్వాన్స్ తీసుకుని ఎక్కడ డ్యామ్ కడితే అక్కడికి పోయారు. నేను పుట్టింది ఏదో కాలువ పని దగ్గర గుడిసెలో. సట్టి, చాప, పొయ్యిరాళ్లు అన్నీ లారీ మీదే. ఇల్లు వెంట పెట్టుకుని తిరిగే బతుకు నుంచి బయటపడడానికి మాకు రెండు తరాలు పట్టింది. దానికి మీరు ఎదురు డబ్బులు కడతారా?

దేవరకొండ
మీ బాధ నిజమే అన్నా. కానీ అది మాస్టారి సంపాదన కదా.

మక్తల్
సంపాదన ఆయనదే, కాదనలేదు. ముసలితనంలో ఆస్పత్రి ఖర్చు ఎవరిది? రేపు కొడుకు ఇస్తాడని రాసిచ్చాడా?

జడ్చర్ల డ్రైవరన్న
నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది అదే.

సియాటిల్ పాలమూరోడు
మీరు మొదటి నుంచీ మొత్తుకుంటున్నది గొట్టం గురించి!

జడ్చర్ల డ్రైవరన్న
సరే, ఒక్కటి అడుగుతా, చెప్పు. నువ్వూ నీ భార్యా పోయొచ్చారు. మీ అమ్మానాన్నను తీసుకెళ్లావా? అక్కడ కూర్చుని ఇక్కడి పెద్దవాళ్లకు సలహాలు చెప్పడం తేలిక.

సియాటిల్ పాలమూరోడు
లేదు. తీసుకెళ్లలేదు. రెండుసార్లు వచ్చారు, రెండుసార్లూ నా పిల్లలు పుట్టినప్పుడే. అమ్మ వంటింట్లో, నాన్న స్ట్రోలర్ తోస్తూ ఆరేసి నెలలు గడిపారు. అలాస్కా వచ్చేసారి చూద్దాం నాన్నా అన్నాను. 2022లో ఆయన పోయారు. మరుసటి ఏడాది ఆ ఓడ ఎక్కినప్పుడు నా ఫోన్‌లో నాన్న ఫోటోయే ఉంది. అందుకే మాస్టారిని వెళ్లండి అంటున్నా. ఇంకెప్పుడూ ఆ మాట నన్ను అడక్కండి అన్నా.

జడ్చర్ల డ్రైవరన్న
తెలియక అన్నాను తమ్ముడూ. ఏమీ అనుకోకు.

మిర్యాలగూడ ఆడపడుచు
నేను మాస్టారి భార్యను. ఈయన ఫోన్‌లో రాత్రి మొత్తం చదివి, పొద్దున మా కోడలితో ఈ ఐడీ పెట్టించుకున్నాను.

ఇంతమంది రాశారు. బండి పొడవు రాశారు, పెట్రోలు రాశారు, నాకు వాంతులు వస్తాయా రావా అని కూడా మీరే తేల్చారు. ఆ బండి ఫోటోలు ఈయన నాకు చూపించినప్పుడు మొదట చెప్పిన మాట ఏంటో తెలుసా? "చూడు, రెండు బర్నర్ల స్టవ్ ఉంది, ఫ్రిజ్ ఉంది, నీకేం ఇబ్బంది ఉండదు."

నాకు!

పెళ్లయి 36 ఏళ్లు. అత్తమ్మకు మెత్తగా ఒక వంట, ఈయనకు జొన్నరొట్టె, పిల్లల బాక్సులు. తిరుపతి పోయినా పులిహోర మూట నాదే, మేడారం పోయినా గిన్నెలు నావే. ఓడలో ఏడు రోజులు ఎవరో వండి పెడతారట. తిన్న ప్లేటు అక్కడే వదిలి లేవొచ్చట. నాకు ఓడ కావాలన్నది అందుకే. సముద్రం బాగుంటే అది అదనం. ఆ తర్వాత ఎనిమిది రోజులు ఈయన స్టీరింగ్ పట్టుకుని కొండలు చూస్తారు, నేను వెనక ఊగే బండిలో పోపు పెట్టాలి. అది ఈయనకు సెలవు, నాకు మళ్లీ డ్యూటీ.

మక్తల్ బాబూ, మీ అమ్మగారు లారీ దిగీ దిగగానే మొదట పొయ్యిరాళ్లు పేర్చి ఉంటారు. ఆ మాట చదివి నాకు ఏడుపొచ్చింది.

మక్తల్
అవునమ్మా. అమ్మే పేర్చేది. నేను పుల్లలు ఏరుకొచ్చేవాణ్ని.

కోదాడ
అమ్మగారు చెప్పింది మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

నల్లగొండ మాస్టారు
పక్క గదిలో ఉన్న మనిషి మాట ఇక్కడ చదవాల్సి వచ్చింది. నేను స్టవ్ గురించి ఆ మాట అన్నది నిజమే. ఆమె మంచికే చెబుతున్నాననుకున్నాను. కానీ బండి కోరిక చంపుకోలేను, అది కూడా నిజమే. ఎనిమిది రోజులు కాదు, నాలుగు రోజులే తీసుకుందాం. ఆ నాలుగు రోజులూ వంట నాది. జూన్ లోపు నేర్చుకుంటాను. డ్రైవరన్నా, వచ్చే ఆదివారం జడ్చర్ల వస్తాను. ఎవరిదైనా పెద్ద బండి దొరికితే ఖాళీ స్థలంలో నేర్పండి. మీరు వద్దంటే బండి మానేస్తాను.

జడ్చర్ల డ్రైవరన్న
రండి సార్. పొద్దున ఆరింటికే రండి, ఎండ రాకముందే. నా మాట మాత్రం మొహమాటం లేకుండా చెబుతా.

మిర్యాలగూడ ఆడపడుచు
వంట మీది అని రాశారు, సంతోషం. గిన్నెల సంగతి రాయలేదు. అది కూడా ఇక్కడే రాయండి.