ఎక్స్‌టెన్షన్ గణాంకాలను ఫైల్లో దాచే కాల్‌బ్యాక్‌లు: మీ అనుభవాలు చెప్పండి

పగటిచుక్క:
పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 18వ వెర్షన్ నుంచి ఎక్స్‌టెన్షన్‌లు (దానికి అదనంగా చేర్చుకునే మాడ్యూళ్లు) తమ సొంత గణాంకాలను సర్వర్ గణాంకాల వ్యవస్థలోనే నమోదు చేసుకోవచ్చు. క్యూలో నడిచే పనుల లెక్కల కోసం నేనూ ఒకటి రాశాను. ప్రతి ఎంట్రీలో కౌంటర్లతో పాటు చివరిగా వచ్చిన ఎర్రర్ సందేశం కూడా ఉండాలి. దాని పొడవు ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది కాబట్టి సందేశాన్ని డైనమిక్ షేర్డ్ మెమరీలో పెట్టి, ఎంట్రీలో పాయింటర్ (దాని మెమరీ చిరునామా) మాత్రం ఉంచాను. సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెడితే కౌంటర్లు సరిగ్గానే వచ్చాయి. సందేశం చదవబోతే మాత్రం బ్యాకెండ్ (నా కనెక్షన్‌ను నడిపే సర్వర్ ప్రాసెస్) కూలిపోయింది. 19వ వెర్షన్ అభివృద్ధిలో ఎంట్రీతో పాటు అదనపు సమాచారాన్ని గణాంకాల ఫైల్లో రాయడానికి, చదవడానికి కాల్‌బ్యాక్‌లు (మనం రాసిస్తే సర్వర్ తానే పిలిచే ఫంక్షన్లు) చేరాయి. వాటికి మారాలనుకుంటున్నాను. ఇప్పటికే ఈ దారిలో నడిచినవారు ఎక్కడ జాగ్రత్త పడాలో చెప్పగలరా?

కృష్ణాతీరం:
ఎంట్రీలోని బైట్లు ఉన్నవి ఉన్నట్టుగా ఫైల్లోకి వెళ్తాయి, పాయింటర్ కూడా అలాగే వెళ్తుంది. సర్వర్ మళ్లీ లేచేసరికి అది చూపించే మెమరీ ప్రాంతమే ఉండదు. కాబట్టి రాసేటప్పుడు సందేశం పొడవును, సందేశాన్ని రాయండి. చదివేటప్పుడు కొత్తగా చోటు తీసుకుని పాత పాయింటర్‌ను చెరిపి కొత్తది పెట్టండి. సందేశం లేని ఎంట్రీలలో కూడా పాత విలువను వదిలేయకుండా చెల్లని పాయింటర్ విలువను నింపాలి. నేను ఆ ఒక్కటీ మరచిపోయి రెండు రోజులు వెతుక్కున్నాను.

రాత్రికాపలా:
నేను కోడ్ రాసేవాణ్ని కాదు, సర్వర్లు చూసుకునేవాణ్ని. అందుకే ఈ మాట గట్టిగా చెబుతాను. మా దగ్గర ఒక ఎక్స్‌టెన్షన్ ఫైల్లోంచి పొడవు చదివి, అది సరైనదో కాదో చూడకుండానే అంత మెమరీ అడిగింది. అక్కడున్నది చెత్త విలువ. మెమరీ కేటాయింపు 1 జీబీ హద్దు దాటేసరికి ఎర్రర్ వచ్చింది. గణాంకాల ఫైలును చదివేది సర్వర్ మొదలయ్యేటప్పుడు నడిచే స్టార్టప్ ప్రాసెస్. అక్కడ పట్టుకునేవారు లేని ఎర్రర్ ఫేటల్ అవుతుంది, అంటే ఆ ప్రాసెసే ఆగిపోతుంది, సర్వర్ లేవదు. అర్ధరాత్రి పీజీ_స్టాట్ డైరెక్టరీలోని ఆ గణాంకాల ఫైలును పక్కకు తప్పించాక గానీ అది లేవలేదు. గణాంకాలు పోతే మళ్లీ పోగవుతాయి. వాటి కోసం డేటాబేస్ మొత్తం ఆగిపోవడం ఏ వినియోగదారుకూ న్యాయం కాదు. దయచేసి చదివే కాల్‌బ్యాక్‌లో ఎర్రర్ విసరకండి. లాగ్‌లో రాసి, విఫలమైందని తిరిగి చెప్పండి.

అక్షరగణితం:
రాత్రికాపలా గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను, కానీ విఫలమైందని చెప్పడానికీ ఒక ధర ఉంది. అలా చెప్పగానే సర్వర్ ఫైలు పాడైందని భావించి మీ గణాంకాలనే కాదు, అందరి గణాంకాలనూ సున్నా చేస్తుంది. టేబుళ్లలో మృత వరుసల (చెల్లిపోయినా ఇంకా చోటు పట్టి ఉన్న పాత వరుసల) లెక్క పోతుంది. వాటిని తనంతట తానే శుభ్రం చేసే ఆటోవాక్యూమ్ ఏ టేబుల్‌ను శుభ్రం చేయాలో తేల్చుకునేది ప్రధానంగా ఆ లెక్కతోనే. అలా జరిగితే డేటాబేస్ అంతటా ఎనలైజ్ కమాండ్ నడపడం మంచిది. (క్వెరీని ఎలా నడపాలో నిర్ణయించే ప్లానర్ వాడే గణాంకాలు వేరు, అవి కేటలాగ్ అనే సిస్టమ్ టేబుళ్లలో భద్రంగా ఉంటాయి. ఈ రెండింటినీ చాలామంది కలిపేస్తారు.)

అందుకే నేను సందేశాలను వేరే ఫైల్లో రాస్తాను. ప్రధాన ఫైల్లో ఆ సందేశం ఎక్కడుందో చెప్పే సంఖ్య ఒక్కటే ఉంటుంది. పక్క ఫైలు లేకపోయినా, చెడిపోయినా ఆ సంఖ్యను మాత్రం చదివేసి, సందేశాన్ని ఖాళీగా వదిలి, సఫలమైందనే చెబుతాను. కౌంటర్లు మిగులుతాయి, పక్కవారికి నష్టం ఉండదు.

కృష్ణాతీరం:
రెండు ఫైళ్లు అన్నాక అవి ఒకదానికొకటి పొసగకపోవచ్చు కదా? ప్రధాన ఫైలు తాత్కాలిక పేరుతో రాయబడి, చివర్లో పేరు మారుతుంది. ఈలోగా ఏదైనా జరిగితే పక్క ఫైలు కొత్తది, ప్రధానమైనది పాతది.

అక్షరగణితం:
నిజమే. అందుకే పక్క ఫైల్లో ప్రతి సందేశం ముందు దాని ఎంట్రీ కీని (ఏ ఎంట్రీదో చెప్పే గుర్తును) కూడా రాస్తాను, చదివేటప్పుడు పోల్చి చూస్తాను. ముగింపు కాల్‌బ్యాక్‌ను రాయడం, చదవడం, పారేయడం అనే మూడు సందర్భాల్లోనూ పిలుస్తారు. క్రాష్ తర్వాత సర్వర్ గణాంకాలను పారేస్తుంది. అప్పుడు మీ పక్క ఫైలును కూడా తొలగించాలి. తెరిచిన ఫైలును మూసే చోటు కూడా అదే.

పాతబావి:
క్వెరీల లెక్కలు పోగుచేసే పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ ఎక్స్‌టెన్షన్ కోడ్ చదవండి, ఈ క్రమశిక్షణ అక్కడ ఏనాటి నుంచో ఉంది. ఫైలు మొదట్లో గుర్తింపు సంఖ్య, ఆ తర్వాత సర్వర్ ప్రధాన వెర్షన్. ప్రాసెస్ సజావుగా ముగియకపోతే అసలు రాయదు. మొదలైనప్పుడు చదివేశాక ఫైలును వెంటనే తొలగిస్తుంది, కాబట్టి తర్వాత క్రాష్ అయినా పాత లెక్కలు తిరిగి రావు.

ఇంకొకటి. ఎంట్రీ స్ట్రక్చర్‌లో ఒక్క ఫీల్డ్ చేర్చినా పాత ఫైలు కొత్త కోడ్‌తో సరిపడదు. ప్రధాన ఫైలుకుండే ఫార్మాట్ సంఖ్య మీ వెర్షన్‌ను ఎరగదు. సర్వర్ మొదలవుతూనే లోడ్ చేసుకునే ప్రీలోడ్ జాబితాలోంచి మీ ఎక్స్‌టెన్షన్‌ను తీసేసినా ఇదే గతి: ఫైల్లో మీ రకం ఎంట్రీలు కనిపించి, వాటిని ఎరిగినవారు లేక, సర్వర్ మొత్తం ఫైలే చెడిపోయిందంటుంది. మీ సూచనల పత్రంలో ఇది రాయండి. ఇక గణాంకాల రకానికి ఇచ్చే ఐడీ సంఖ్యల్లో 24 ప్రయోగాలకు కేటాయించినది. బయటికి విడుదల చేసేముందు పోస్ట్‌గ్రెస్ వికీలో మీకంటూ ఒకటి నమోదు చేసుకోండి.

పగటిచుక్క:
అందరికీ ధన్యవాదాలు. వేరే ఫైలు పద్ధతికి మార్చాను. పొడవుకు గరిష్ఠ హద్దు పెట్టాను, దాటితే సందేశాన్ని వదిలేస్తున్నాను. తర్వాత సర్వర్‌ను ఆపి, పక్క ఫైలును ఒక్కో చోట కత్తిరించి, ప్రతిసారీ మొదలుపెట్టి చూశాను. కీ మధ్యలో తెగినప్పుడు ఒక్కచోట పాత బఫర్‌లోని కీతో పోలిక జరిగి, తప్పు సందేశం వచ్చింది. చదివిన బైట్ల సంఖ్యను నేను సరిచూడకపోవడమే కారణం. అది దిద్దాక సర్వర్ ప్రతిసారీ లేచింది, కౌంటర్లు ఎక్కడా మారలేదు. ఐడీ నమోదు ఈ వారంలో చేస్తాను.